నలుగురు పీల్చే గాలి, ఒకరికే జబ్బు: ఊపిరితిత్తుల లోపలి పొర ఏం చెబుతోంది?

మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో కూలర్లు బయటికొస్తాయి. అప్పటిదాకా బాల్కనీ మూలనో మెట్ల కిందో పాత దుప్పటి కప్పుకుని పడి ఉన్న డబ్బా అది. మూడు వైపులా చెక్కపేళ్ల గడ్డి, అడుగున నీళ్ల తొట్టి, అందులో అరచేతిలో పట్టేంత పంపు. కొందరు గడ్డి మారుస్తారు. చాలా ఇళ్లలో పోయినేడాది గడ్డి మీదే నాలుగు బకెట్ల నీళ్లు పోసి స్విచ్ వేస్తారు. మొదటి పది నిమిషాలు గదంతా ముక్కిన చెక్క వాసన. తర్వాత ముక్కు అలవాటు పడిపోతుంది. తొట్టి అడుగున వేలు పెడితే జిగటగా పాకుడు తగులుతుంది.

ఆ పాకుడు ఊపిరితిత్తుల డాక్టర్లకు ఎందుకు పట్టిందో 2017లో అచ్చయిన ఒక దేశవ్యాప్త పరిశీలన చెబుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడి కుంచించుకుపోయే జబ్బులు చాలా రకాలున్నాయి. వాటన్నిటినీ కలిపి ఐఎల్‌డీ అంటారు. ఆ జబ్బులతో 19 నగరాల్లోని 27 ఆసుపత్రులకు వచ్చిన 1,084 మంది వివరాలను అందులో క్రోడీకరించారు. పాశ్చాత్య దేశాల జాబితాల్లో సాధారణంగా పైన కనిపించేది కారణం అంతుపట్టని ఐపీఎఫ్. ఇక్కడ దాని వాటా 13.7 శాతమే. 47.3 శాతం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. బూజు, పక్షి ఈకల పొడి లాంటివి పీల్చగా పీల్చగా ఊపిరితిత్తి వాటి మీద తిరగబడటం వల్ల వచ్చే జబ్బు ఇది. ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు సగం మంది కూలర్ గాలి పీల్చినవాళ్లు.

ఇది పెద్ద ఆసుపత్రుల దాకా వచ్చినవాళ్ల లెక్క. దీన్ని దేశ జనాభా అంతటికీ వర్తింపజేయడం తప్పు. కూలర్ ఉన్న ప్రతి ఇంట్లో జబ్బు ఉంటుందనుకోవడం ఇంకా పెద్ద తప్పు. నిజానికి ఆలోచించాల్సిన విషయం అక్కడే ఉంది. ఒకే గదిలో, ఒకే కూలర్ ముందు నలుగురు పడుకుంటారు. ముగ్గురికి ఏమీ కాదు. నాలుగో మనిషికి మొదట పొడిదగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, రెండేళ్లు గడిచేసరికి స్నానం చేసి వస్తేనే ఎగరొప్పు. పీల్చిన గాలి ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది?

ఈ ప్రశ్న పట్టుకుని పనిచేసే శాస్త్రవేత్తలు ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది గాలిని కాదు, ఆ గాలి తగిలే పొరను. మన పాఠ్యపుస్తకాల్లో ఉపకళ అని, పరిశోధకుల మాటల్లో ఎపిథీలియం అని పిలిచే ఊపిరితిత్తుల లోపలి పొర గురించి విడిగా సదస్సులే జరుగుతున్నాయి. అమెరికాలోని ఫాసెబ్ అనే శాస్త్ర సంఘాల సమాఖ్య ‘ఆరోగ్యంలో, వ్యాధిలో ఊపిరితిత్తుల ఉపకళ’ అన్న అర్థం వచ్చే పేరుతోనే సదస్సు పెడుతోంది. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో 2005 నుంచి రెండేళ్లకోసారి ఊపిరితిత్తుల మూలకణాల మీద సమావేశం జరుగుతోంది. ఊపిరితిత్తి పెరగడం, దెబ్బతినడం, బాగవడం మీద గోర్డన్ సదస్సులూ ఉన్నాయి. అక్కడ నియమం కఠినం: వేదిక మీద చూపించినదాన్ని ఫొటో తీయకూడదు, బయట ఉటంకించకూడదు. అందుకే ఇంకా అచ్చుకాని ఫలితాలను, తప్పిన ప్రయోగాలను కూడా ధైర్యంగా ముందు పెడతారు. ఎలుకల జన్యువులు చూసేవాళ్లు, వైరస్‌ల వాళ్లు, ఇంజినీర్లు, రోజూ ఓపీ చూసే డాక్టర్లు ఒకే గదిలో కూర్చుంటారు. గత పాతికేళ్లలో ఇలాంటి గదుల్లో గట్టిపడిన ఆలోచన ఒకటుంది. ఊపిరితిత్తికి దెబ్బ తగలడం రోజూ జరిగేదే, ఆ దెబ్బ మానే తీరు చెడినప్పుడే అది జబ్బవుతుంది. ఈ వ్యాసం ఆ ఆలోచన గురించి, హైదరాబాద్ ఊపిరితిత్తులకు అది ఎంతవరకు పనికొస్తుందన్న దాని గురించి.

ముందుగా ఒక చిన్న స్పష్టత. ‘ఊపిరితిత్తులకు నీరు పట్టింది’ అని మనవాళ్లు అనేది సాధారణంగా బయటి పొర సంగతి. ఊపిరితిత్తిని సంచిలా చుట్టి ఉండే ఆ పొర ప్లూరా. దాని మడతల మధ్య నీరు చేరుతుంది. ఆస్బెస్టాస్ ధూళి వల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ కూడా ఎక్కువగా పుట్టేది అక్కడే. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ముక్కు నుంచి మొదలై వాయునాళం, శ్వాసనాళాలు, శ్వాసనాళికల గుండా చిట్టచివరి గాలి బుడగ దాకా పరుచుకున్న లోపలి పొర గురించి.

ఊరికే కూర్చున్న మనిషి ఒక్కో శ్వాసకు అర లీటరు, నిమిషానికి పదిహేను సార్లు పీల్చినా రోజుకు పది వేల లీటర్లు దాటుతుంది. వేసవిలో కాలనీలకు వచ్చే పెద్ద వాటర్ ట్యాంకర్ నిండా గాలి అన్నమాట. ఆ గాలిలో చాలా భాగం వెళ్లి తాకేది వాయుగోణులను, అంటే ఆ చిట్టచివరి గాలి బుడగలను. ఒక మనిషిలో ఇవి 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. విప్పి పరిస్తే దాదాపు ఒక బ్యాడ్మింటన్ కోర్టంత విస్తీర్ణం. అంత స్థలమూ పక్కటెముకల మధ్య మడతపడి ఉంది. గాలికీ రక్తానికీ మధ్య గోడ మందం చాలాచోట్ల అర మైక్రాన్‌కు మించదు. వార్తాపత్రిక కాగితాన్ని వంద పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొర ఇంతకంటే కాస్త మందంగానే ఉంటుంది. గచ్చిబౌలి నుంచి పటాన్‌చెరు దాకా మనం పీల్చే దుమ్మూ పొగలో అతి సన్నని భాగం వచ్చి ఆగేది ఆ గోడ దగ్గరే.

రెండు రకాల కణాలు, ఒక నురగ

వాయుగోణిలో పొరను కట్టే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. టైప్ 1 కణం అట్టులా పల్చగా, వెడల్పుగా పరుచుకుంటుంది. గోడలో 95 శాతం స్థలం దానిదే. ఆక్సిజన్ దాటేది దాని గుండానే. టైప్ 2 కణం గుండ్రంగా, చిన్నగా మూలల్లో నక్కి ఉంటుంది. సంఖ్యలో టైప్ 1 కంటే ఎక్కువే అయినా మిగిలిన ఐదు శాతం స్థలంతో సరిపెట్టుకుంటుంది. చాలాకాలం అందరి చూపూ టైప్ 1 మీదే ఉండేది. ఇప్పుడు ఊపిరితిత్తుల సదస్సుల్లో ఎక్కువసేపు చర్చకు వచ్చేది టైప్ 2 కణం. దానికి రెండు కారణాలు. రెంటినీ నిదానంగా చూడాలి.

మొదటిది సర్ఫాక్టెంట్. సబ్బు నీటిలో గొట్టంతో ఊది రెండు బుడగలు పక్కపక్కన చేస్తే, చిన్నది కుంచించుకుపోయి దాని గాలి పెద్దదాంట్లోకి వెళ్లిపోవడం కొన్నిసార్లు కనిపిస్తుంది. బుడగ ఎంత చిన్నదైతే లోపలికి లాగే బలం అంత ఎక్కువ. కోట్ల కొద్దీ చిన్న బుడగలున్న ఊపిరితిత్తి ఈ లెక్క ప్రకారం ప్రతి నిశ్వాసంలోనూ ముడుచుకుపోవాలి. అలా జరగకుండా కాపాడేది టైప్ 2 కణం స్రవించే కొవ్వు, ప్రోటీన్ల మిశ్రమం. నీటి తలతన్యతను, అంటే బుడగను లోపలికి లాగే ఆ బలాన్ని, అది బాగా తగ్గిస్తుంది. గర్భంలో బిడ్డకు సుమారు 24 వారాలప్పుడు ఇది తయారవడం మొదలై, 34, 35 వారాలకు గానీ చాలినంత సమకూరదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూసిన తల్లులకు ఆ లోటు ఎలా ఉంటుందో తెలుసు. పుట్టిన గంటల్లోనే బిడ్డ డొక్కలు ఎగరేస్తుంది. ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నగా మూలుగు వినిపిస్తుంది. ఆ మూలుగు ఏడుపు కాదు. వాయుగోణులు మూసుకుపోకుండా గొంతు కొంచెం బిగబట్టి గాలిని లోపలే ఆపుకోవడానికి బిడ్డ చేసే ప్రయత్నం అది. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ ఈ బిడ్డల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ లోపించిందని చూపించారు. అయినా చికిత్స వెంటనే రాలేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు పాట్రిక్ ఈ జబ్బుతోనే 39 గంటలకు చనిపోయాడు. అప్పట్లో ఎంత గొప్పవారి ఇంట పుట్టినా వైద్యం అంతే. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా పశువుల ఊపిరితిత్తుల నుంచి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ను నేరుగా బిడ్డల వాయునాళంలోకి ఎక్కించి ఫలితం సాధించాడు. ఇవాళ నీలోఫర్ లాంటి ఆసుపత్రుల శిశు విభాగాల్లో ఆ మందు పేరు తెలియని నర్సు ఉండదు.

దీనికంటే చవకైన ఉపాయం ఇంకొకటుంది. నెలలు నిండకముందే నొప్పులు మొదలైన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డలోని ఊపిరితిత్తుల పొర తొందరగా పరిణతి చెందుతుంది. గొర్రెల మీద పనిచేస్తూ దీన్ని గమనించిన లిగిన్స్, హోవీ 1972లో న్యూజిలాండ్ తల్లుల మీద జరిపిన పరీక్షలో నిరూపించారు. మన దేశంలో 2014 నాటి కేంద్ర మార్గదర్శకాలు డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకొకటిగా నాలుగు మోతాదులు సూచించాయి. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదు ఇచ్చే వీలు ఏఎన్‌ఎంకు కల్పించాయి. ఒక కణం ఏ వారంలో ఏ పని మొదలుపెడుతుందో తెలుసుకోవడం వల్ల మారుమూల ఉపకేంద్రంలో ఒక ఇంజెక్షన్ సీసా ప్రాణం నిలబెట్టగలిగింది. పొర గురించిన మౌలిక పరిశోధన ఎందుకు అని అడిగేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు కనిపించదు.

మానే క్రమంలో ఆగిపోయిన కణం

రెండో కారణం మరమ్మతు. పల్చని టైప్ 1 కణం దెబ్బ తింటే తనను తాను విభజించుకుని ఆ ఖాళీ పూడ్చుకోలేదు. పక్కనున్న టైప్ 2 కణం విభజన చెంది, అందులో కొన్ని సాగి పరుచుకుని టైప్ 1గా మారతాయి. అంటే వాయుగోణికి మూలకణం టైప్ 2 కణమే. జలుబు వైరస్ లోపలికి దిగినా, సిగరెట్ పొగ తగిలినా, నిమ్ము చేసి తగ్గినా ఈ పని నిశ్శబ్దంగా జరుగుతూ ఉంటుంది. పెద్ద శ్వాసనాళాల్లో ఇదే పని అడుగున కూర్చునే బేసల్ కణాలది. 2013లో పురుషోత్తమరావు టాటా, జయరాజ్ రాజగోపాల్ బృందం ఎలుకల్లో మరో సంగతి చూపించింది. బేసల్ కణాలన్నిటినీ తీసేస్తే, పైనున్న స్రావక కణాలే వెనక్కి నడిచి మూలకణాలుగా మారాయి. ఒకసారి ఎదిగిన కణం మళ్లీ మొదటికి రాదన్న నమ్మకం అక్కడ సడలింది.

ఇంత మరమ్మతు సామర్థ్యం ఉన్న అవయవం గట్టిపడి రాయిలా ఎందుకు మారుతుంది? 2020లో ఒకటికి మూడు బృందాలు విడివిడిగా ఒకే దృశ్యం చూశాయి. టైప్ 2 కణం ఒక్కసారిగా టైప్ 1 కాదు. మధ్యలో ఒక అవస్థ ఉంది. ఆ అవస్థలో కణం సాగుతుంది, ఒత్తిడికి లోనవుతుంది, దాని డీఎన్ఏ దెబ్బతిన్న గుర్తులు కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో ఈ అవస్థ కొద్ది రోజులే. పొర మూసుకోగానే పోతుంది. ఐపీఎఫ్ రోగుల ఊపిరితిత్తుల్లో మాత్రం ఇలాంటి కణాలు పేరుకుపోయి కనిపించాయి. అవి బయల్దేరిన చోట లేవు, చేరాల్సిన చోటికీ చేరలేదు. అలా నిలిచిపోయిన కణం చుట్టూ ఉన్న తంతు కణాలకు ‘గాయం ఇంకా తెరిచే ఉంది, పూడ్చండి’ అన్న సంకేతం పంపుతూనే ఉంటుంది. అవి మచ్చను కట్టే కొల్లాజెన్ ప్రోటీన్ పోస్తూనే ఉంటాయి. కాలిన చేతి మీద మచ్చ గట్టిపడినట్టు ఊపిరితిత్తి లోపల గట్టిపడుతుంది. తేడా ఒక్కటే, చేతి మీది మచ్చతో బతకొచ్చు.

నాలుగో మనిషికే జబ్బు ఎందుకన్న ప్రశ్నకు ఇక్కడ కొంత జవాబు దొరుకుతుంది. టైప్ 2 కణం తయారుచేసే ఒక సర్ఫాక్టెంట్ ప్రోటీన్‌లో పుట్టుకతో లోపం ఉంటే కుటుంబాల్లో ఊపిరితిత్తులు గట్టిపడతాయని 2001లోనే తేలింది. క్రోమోజోముల చివరల్లో ఉండే టెలోమియర్లు పొట్టిగా ఉన్నవాళ్లలో మూలకణం తొందరగా అలసిపోతుంది. వయసు మీద పడటం, పొగ, పదేపదే తగిలే దుమ్ము ఆ అలసటకు తోడవుతాయి. అంటే కూలర్ బూజు పెట్టే గాయం నలుగురికీ తగులుతూనే ఉండొచ్చు. ముగ్గురిలో పొర మూసుకుంటుంది, ఒకరిలో మధ్యలో ఆగిపోతుంది. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌లో రోగనిరోధక కణాల పాత్ర చాలా పెద్దది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆ జబ్బు కొందరిలో గాలి మార్చగానే తగ్గిపోయి, కొందరిలో మచ్చగా స్థిరపడిపోవడానికి పొర మరమ్మతే కీలకమన్న వాదన బలంగా కనిపిస్తోంది. ఇప్పుడు వాడుతున్న పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ మచ్చ పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి. ఆగిపోయిన కణాన్ని ముందుకు నడిపించే మందు ఇంకా చేతికి రాలేదు.

శ్లేష్మం, శైలికలు, చేప మందు

పెద్ద గొట్టాల్లో పొర పని వేరు. అక్కడ గాలి మారడం కాదు, శుభ్రత ముఖ్యం. అక్కడి చాలా కణాల మీద ఒక్కోదానికి రెండు మూడు వందల శైలికలు, అంటే వెంట్రుకల్లాంటి సన్నని పోగులు, ఉంటాయి. సెకనుకు పది సార్లకు పైగా అవి ఒకే వైపుకి కొట్టుకుంటాయి. వాటి మీద శ్లేష్మం నెమ్మదిగా గొంతు వైపు జరుగుతుంది. పీల్చిన దుమ్ము అందులో అంటుకుని పైకి వచ్చేస్తుంది, మనం తెలియకుండానే మింగేస్తాం. ఈ ఏర్పాటు సవ్యంగా ఉన్నన్నాళ్లూ కళ్లె అన్న మాటే గుర్తురాదు. పొగతాగేవాళ్లలో శైలికలు మందగిస్తాయి, శ్లేష్మం చేసే కణాలు పెరుగుతాయి. పొద్దున్నే బాత్‌రూమ్‌లోంచి వినిపించే ఆ దగ్గు, పడుకున్నప్పుడు కదలక నిలిచిపోయిన సరుకును శరీరం బలవంతంగా ఎత్తిపోయడమే.

2018లో రెండు బృందాలు శ్వాసనాళాల కణాలను ఒక్కొక్కటిగా విడదీసి చదివినప్పుడు అయనోసైట్ అనే కొత్త రకం బయటపడింది. నూటికి ఒకటి కూడా ఉండదు. శ్లేష్మం చిక్కబడిపోయే వంశపారంపర్య జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో చెడిపోయే జన్యువు, 1989లో కనుక్కున్న సీఎఫ్‌టీఆర్, ఎలుకల్లో ఎక్కువగా ఈ కణాల్లోనే పనిచేస్తోందని తేలేసరికి అందరి చూపూ అటు తిరిగింది. తర్వాత మనుషుల్లో చూస్తే స్రావక కణాల వాటానే ఎక్కువగా ఉందని తేలింది. ఇలా ఒకరి ఫలితాన్ని ఇంకొకరు సరిదిద్దడం సదస్సులు చేసే ముఖ్యమైన పని.

ఉబ్బసం దగ్గరికి వస్తే హైదరాబాద్‌కు దానితో ఉన్న అనుబంధం చాలా పాతది. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందు కోసం దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. పసుప్పచ్చని ముద్దను నోట్లో పెట్టిన చిన్న కొర్రమీను పిల్లను బతికుండగానే మింగాలి. ముందురోజు రాత్రే వచ్చి, పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని వరుసలో కూర్చునే తల్లుల మొహాల్లో కనిపించేది ఏళ్ల తరబడి నిద్రలేని రాత్రుల అలసట. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ మందు పనిచేస్తుందని నియంత్రిత పరీక్షల్లో రుజువు కాలేదు. చేప వెళ్లేది అన్నవాహికలోకి, జబ్బున్నది శ్వాసనాళాల పొరలో.

ఆ పొరలో ఏం జరుగుతోందో ఇప్పుడు చాలావరకు తెలుసు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కణానికీ కణానికీ మధ్య కుట్టు బిగుతుగా ఉంటుంది. ఉబ్బసంలో ఆ కుట్టు వదులవుతుంది. పుప్పొడి, బొద్దింకల పొడి, దుమ్ములోని పురుగుల రెట్ట లోపలికి చొరబడతాయి. అప్పుడు పొరే టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33 అనే ప్రమాద సంకేతాలను విడుదల చేస్తుంది. వాపు, శ్లేష్మం, కండరాలు బిగుసుకోవడం, పిల్లికూతలు ఆ తర్వాత వచ్చేవి. టీఎస్‌ఎల్‌పీని అడ్డుకునే టెజెపెలుమాబ్‌కు 2021 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది తీవ్రమైన ఉబ్బసానికి, డబ్బున్న ఆరోగ్య వ్యవస్థలకు సరిపోయే మందు. మన దగ్గర ఎక్కువమందికి కావలసింది దశాబ్దాలుగా ఉన్న స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ‘పంపు అలవాటైపోతుంది’ అన్న భయం ఇంకా వదల్లేదు. ఒక పీల్పులో ఉండే బుడెసొనైడ్ సాధారణంగా 200 మైక్రోగ్రాములు. ఉబ్బసం ముదిరినప్పుడు మింగించే ప్రెడ్నిసలోన్ 20, 40 మిల్లీగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాకపోయినా, పొర మీద నేరుగా చల్లే మందుకూ ఒళ్లంతా తిరిగే మందుకూ తేడా ఆ లెక్కలోనే ఉంది. పిల్లకు పంపు వాడటానికి వెనకాడి, నెలకోసారి మాత్రల కోర్సు వాడే ఇళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకోవాలి.

ఎవరి ఊపిరితిత్తులు చూస్తున్నారు?

పొర మీద ప్రయోగం చేయాలంటే పొర కావాలి. ఎక్కువగా వాడేది ఎలుక. కానీ ఎలుకకు లేని భాగం ఒకటి మనిషికి ఉంది. శ్వాసనాళిక వాయుగోణుల్లో కలిసే చోట మనకు గాలి మార్చుకునే చిన్న గొట్టాలుంటాయి. గాలి గొట్టాలు ఇరుకై ఆయాసం శాశ్వతమయ్యే జబ్బు సీఓపీడీ, పొగ తాగేవాళ్లలో ముందుగా మొదలయ్యే ప్రాంతాల్లో అదొకటి. అక్కడ ఉండే ప్రత్యేక స్రావక కణాలు టైప్ 2 కణాలను పుట్టించగలవని 2022లో పెన్సిల్వేనియా బృందం చూపింది. ఎలుకను మాత్రమే చూసి ఉంటే ఈ కణం ఎప్పటికీ దొరికేది కాదు.

అందుకే ప్రయోగశాలలు మనిషి కణాలతోనే పొరను పెంచుతున్నాయి. చూడటానికి చిన్న ప్లాస్టిక్ గిన్నె. అందులో సన్నని రంధ్రాలున్న అడుగుతో ఇంకో బుల్లి గిన్నె. కింద గులాబీ రంగు పోషక ద్రవం, పైన వట్టి గాలి. ముక్కులోంచి బ్రష్‌తో తీసిన బేసల్ కణాలు మధ్యలో. మూడు నాలుగు వారాలు గడిచాక సూక్ష్మదర్శిని కింద పెడితే పొర మీద శ్లేష్మం నెమ్మదిగా సుడి తిరుగుతూ కనిపిస్తుంది. శైలికలు పని మొదలుపెట్టాయన్నమాట. కరోనా మొదటి నెలల్లో, 2020 ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, బెంగళూరుకు చెందిన ఐస్టెమ్ సంస్థతో కలిసి మనిషి ఊపిరితిత్తుల ఉపకళ కణాల్లో వైరస్‌ను పెంచే పని చేపట్టింది. కోతి మూత్రపిండం కణాల్లో వైరస్ తేలిగ్గా పెరుగుతుంది. మనిషి పొరను అది ఏం చేస్తుందో ఆ కణాలు చెప్పలేవు.

2023లో వెలువడిన సమగ్ర మానవ ఊపిరితిత్తుల అట్లాస్‌లో 486 మంది నుంచి సేకరించిన 24 లక్షల కణాల వివరాలున్నాయి. అపురూపమైన పని. కానీ అందులో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లే. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న ఊపిరితిత్తులు, టీబీ వచ్చి తగ్గిన ఊపిరితిత్తులు, కూలర్ బూజు పీల్చినవి అలాంటి అట్లాసుల్లో అరుదు. ఐపీఎఫ్‌కు సంబంధించి అక్కడ పెద్ద ఆవిష్కరణగా నిలిచిన మ్యూక్ 5బీ జన్యు మార్పు యూరప్ మూలాలవాళ్లలో ఎక్కువ, ఆసియాలో తక్కువ. అక్కడి సమాధానాలు యథాతథంగా ఇక్కడికి దిగవు.

ఇక్కడి భారం చిన్నది కాదు. 2016లో దేశంలో సీఓపీడీ ఉన్నవాళ్లు సుమారు 5.5 కోట్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు సుమారు 3.8 కోట్లు. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం కాగా, దీర్ఘకాలిక శ్వాసజబ్బుల వల్ల కోల్పోయిన ఆరోగ్యవంతమైన ఏళ్లలో 32 శాతం మనదే. శ్వాసనాళాలు శాశ్వతంగా సాగిపోయి చీము పట్టే బ్రాంకియెక్టేసిస్ రోగులు 2,195 మందిని పరిశీలించిన మరో భారత రిజిస్ట్రీలో మూడింట ఒక వంతుకు పైగా, 35.5 శాతం, పాత టీబీ వల్ల వచ్చినవాళ్లే. ఒకప్పటి టీబీ శానిటోరియం అయిన ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఓపీలో ‘టీబీ పోయింది, ఆయాసం మాత్రం పోలేదు’ అనే మాట కొత్త కాదు. క్రిమి చచ్చింది, పొర మానలేదు. పొగ సంగతీ అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు రావడం గొప్ప మార్పు. అప్పటికే సగం జీవితం పొయ్యి దగ్గర గడిపిన అమ్మలు ఒక్క బీడీ తాగకుండానే ఇవాళ సీఓపీడీ మందులు వాడుతున్నారు.

నగర శివార్లలోని 28 గ్రామాల్లో జరిగిన చాయ్ అనే అధ్యయనం సన్నని ధూళి ఎక్కువగా పీల్చేవాళ్లలో మెడ ధమని గోడ మందంగా ఉందని గమనించింది. పొర దగ్గర మొదలైన రభస గుండె దాకా పోతుందనడానికి అదొక ఆనవాలు. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 5. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం గురించి సనత్‌నగర్, జూ పార్క్ మానిటర్ల దగ్గర బతికేవాళ్లు అడగాల్సినంత గట్టిగా అడగడం లేదు.

పావురాల సంగతి వదిలేస్తే హైదరాబాద్ బొమ్మ పూర్తి కాదు. మక్కా మసీదు ముందు గింజలు చల్లడం పుణ్యకార్యం. ఆ భక్తిని గౌరవించాలి. ఇబ్బంది ఆరుబయట కాదు, అపార్ట్‌మెంట్ డక్టుల్లో, ఏసీ డబ్బాల వెనక. ఎండిన రెట్ట, ఈకల సన్నని పొడి కిటికీ గుండా రోజూ లోపలికి వస్తాయి. కూలర్ జబ్బు, పావురం జబ్బు వైద్యుడికి ఒకేలా కనిపిస్తాయి. తొలిదశలో పట్టుకుని కారణాన్ని ఇంట్లోంచి తీసేస్తే చాలామందిలో పొర కోలుకుంటుంది. సీటీ స్కాన్‌లో తేనెపట్టు గూళ్లు కనిపించే దశ వచ్చాక వెనక్కి రాదు. ఆ తర్వాత మిగిలేది ఆక్సిజన్ యంత్రం, కొద్దిమందికి ఊపిరితిత్తుల మార్పిడి.

ఇలాంటి రోగి నుంచి బ్రాంకోస్కోపీ ద్వారా, అంటే శ్వాసనాళాల్లోకి సన్నని గొట్టం పంపి, కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. అది ఫార్మలిన్ సీసాలో పడుతుంది. వ్యాధి నిర్ధారణకు అది చాలు. కానీ ఫార్మలిన్‌లో పడిన కణం చనిపోతుంది, దాన్ని పెంచి పొరగా మార్చి ఎక్కడ ఆగిపోయిందో అడగలేం. అడగాలంటే రోగి అనుమతితో అందులో చిన్న భాగం బతికుండగానే, చల్లగా, కొద్ది గంటల్లో ప్రయోగశాలకు చేరాలి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి రెడ్ లైన్ మీద ఉంది. సీసీఎంబీ ఉన్న హబ్సిగూడ బ్లూ లైన్ మీద. అమీర్‌పేటలో ఒక్కసారి రైలు మారితే చాలు.